ఫోటోలు తీసేవారికి సంఘం ఎందుకు?

హైదరాబాదుకు పడమర దిక్కున లింగంపల్లి ఉంది. అక్కడ రైలు స్టేషన్ ఉంది. నగరం నుంచి వచ్చే ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైళ్లు చాలా వరకు అక్కడే ఆగి వెనక్కి మళ్లుతాయి. ఒకప్పుడు ఒక పక్క బి.హెచ్.ఇ.ఎల్. ఫ్యాక్టరీ, ఇంకో పక్క యూనివర్సిటీ, మధ్యలో రాళ్ల గుట్టలు. ఇప్పుడు ఎటు చూసినా మేడలే. కంప్యూటర్ ఉద్యోగాల వాళ్లు అక్కడ కాపురాలు పెట్టారు. వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లు, సీమంతాలు, బారసాలలు, పుట్టినరోజులు. అన్నిటికీ ఫోటోలు కావాలి.

మరి ఫోటోలు తీసేవారికి చేతినిండా పని ఉన్నట్టే కదా?

అంత తేలిక కాదు. పాస్‌పోర్టు ఫోటో కోసం జనం ఒకప్పుడు స్టూడియోకు వచ్చేవారు. ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉంది. ఆధార్ కేంద్రంలో ఫోటో వాళ్లే తీసుకుంటారు. రోజూ వచ్చే చిల్లర పని తగ్గింది. మిగిలింది శుభకార్యాల పని. దానికి మంచి కెమెరా కావాలి. కెమెరా కొనాలంటే చాలామంది అప్పు చేయాల్సిందే.

ఇలా అనుకుందాం. లింగంపల్లిలో ఒకామె ఫోటోలు తీస్తుంది. ఒక పెళ్లి మాట్లాడుకుంది. మొత్తం 40 వేలు. బయానా 10 వేలు ఇచ్చారు. మిగతాది ఆల్బం ఇచ్చినప్పుడు ఇస్తామన్నారు. ఆమె రెండు రోజులు నిలబడి ఫోటోలు తీసింది. తన డబ్బుతో ఆల్బం వేయించింది. తీసుకుపోయి ఇస్తే ఏమన్నారు?

"పెళ్లికూతురి ముఖం నల్లగా వచ్చింది. మా పెద్దమ్మ ఫోటో ఒక్కటీ లేదు. 15 వేలకు మించి ఇవ్వం."

ఎంతకు మాట్లాడుకున్నారో ఎక్కడా రాసుకోలేదు. ఆమె ఒక్కతే. అవతల ఇరవై మంది. గట్టిగా అడిగితే ఇంకో పని రాదేమోనని భయం. ఆమె ఆ 15 వేలు తీసుకుని ఇంటికి వస్తుంది. కెమెరా అప్పు వాయిదా మాత్రం నెల తిరిగేసరికి వచ్చి కూర్చుంటుంది.

ఇక్కడే సంఘం పనికొస్తుంది. పొదుపు సంఘం మీకు తెలుసు. ఒక వాడలోని ఆడవాళ్లు కలిసి నెలనెలా డబ్బు కడతారు. ఇదీ అలాంటిదే. కాకపోతే ఇందులో ఒకే పని చేసేవాళ్లు కలుస్తారు. మంచి సంఘంలో ఒప్పంద కాగితం అచ్చు వేసి ఉంటుంది. ఏ తేదీన పని, ఎన్ని గంటలు, ఎన్ని ఫోటోలు, మొత్తం ఎంత, బయానా ఎంత, మిగతాది ఎప్పుడు, అన్నీ అందులో ఉంటాయి. రెండు పక్కలా సంతకాలు పెడతారు. డబ్బు ఆగితే సంఘం నుంచి నలుగురు వెళ్లి ఆ కాగితం చూపించి మాట్లాడతారు. అప్పుడూ డబ్బు తప్పకుండా వస్తుందని చెప్పలేం. కానీ ఆమె ఒక్కతే గుమ్మంలో నిలబడి అడుక్కోవాల్సిన పని ఉండదు.

కాగితం ఇంకో విషయానికి కూడా అవసరం. చాలామంది ఫోటోగ్రాఫర్లకే ఇది తెలియదు. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ఉంది. ఎవరైనా డబ్బిచ్చి ఫోటో తీయించుకుంటే, ఆ ఫోటో మీద హక్కు డబ్బిచ్చినవారిదే అవుతుంది. వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప. తీసింది తానే అయినా, పెళ్లికూతురి ఫోటోను తన షాపు బోర్డు మీద పెట్టుకోవాలంటే ముందే అడిగి రాయించుకోవాలి. ఇలాంటి మాటలు ఒంటరిగా పనిచేసేవారికి ఎవరు చెబుతారు? సంఘం మీటింగులో ఒకరికి తెలిసింది పదిమందికి తెలుస్తుంది.

కొందరు ఒక ప్రశ్న వేస్తారు. "ఫ్యాక్టరీ కార్మికులకు యజమాని ఉంటాడు. వాళ్లకు సంఘం ఉంటుంది. రోజుకొక ఇంట్లో పనిచేసేవారికి సంఘమేమిటి?"

ఈ ప్రశ్న పాతదే. 1972లో గుజరాత్‌లోని అహ్మదాబాదులో ఇలాబెన్ భట్ అనే ఆమె 'సేవా' అనే సంఘం పెట్టారు. తల మీద మూటలు మోసేవాళ్లు, కూరగాయలు అమ్మేవాళ్లు అందులో చేరారు. సంఘాన్ని రిజిస్టరు చేయమంటే అధికారులు మొదట ఒప్పుకోలేదు. యజమాని లేకుండా ఎవరితో కొట్లాడతారు అన్నారు. ఆడవాళ్లు ఏమన్నారంటే, సంఘం కొట్లాటకే కాదు, మేమందరం ఒకటిగా ఉండటానికి అన్నారు. అదే ఏడాది సంఘం రిజిస్టరు అయింది. తర్వాత 1984లో ఆ సంఘం ఆడవాళ్లు వీడియో కెమెరా కూడా నేర్చుకున్నారు.

అంత దూరం ఎందుకు? లింగంపల్లి నుంచి ముంబయి రోడ్డు పట్టుకుని వెళ్లండి. పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట దాటాక జహీరాబాద్ వస్తుంది. దాని పక్కనే పస్తాపూర్. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ 1983 నుంచి పల్లెల్లో మహిళా సంఘాలు కట్టింది. వాటిలో ఎక్కువమంది దళిత మహిళలు. చిన్న రైతులు, కూలివాళ్లు. 1990ల చివర్లో వాళ్లలో కొందరు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వారిలో బడి ముఖం చూడని వాళ్లూ ఉన్నారు. సంస్థను నడిపిన పి.వి. సతీశ్ అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసినవారు.

నేర్చుకునేటప్పుడు కెమెరా కోణాలకు ఆ ఆడవాళ్లు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూపిస్తే 'పటేల్ షాట్'. దొర కూలివాణ్ణి అలాగే చూస్తాడు గదా! కింది నుంచి పైకి చూపిస్తే అది బానిస చూపు. కంటికి కన్ను సమానంగా పెట్టి తీస్తే 'సంఘం షాట్'. ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. ఇంత బాగా ఏ పుస్తకమూ చెప్పలేదేమో.

వాళ్లది ఫోటోగ్రాఫర్ల సంఘం కాదు, నిజమే. కానీ కెమెరా నేర్పించింది సంఘమే. పని చూపించింది సంఘమే. బి.టి. పత్తి వేసిన వరంగల్ రైతుల దగ్గరికి వెళ్లి వాళ్లు సినిమా తీశారు. 2001లో తమకంటూ ఒక మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. 2008లో 'సంఘం రేడియో' మొదలైంది.

ఇక ప్రమాదాల మాట. పెళ్లి పని అర్ధరాత్రికి గానీ ముగియదు. బరువు సంచి వేసుకుని బండి మీద తిరిగి రావాలి. ప్రధానమంత్రి సురక్షా బీమా అని ఒకటి ఉంది. ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల వయసు వాళ్లు బ్యాంకులో చేరవచ్చు. ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్లకు 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలు పెద్ద లెక్క కాదు. గుర్తుచేసేవాళ్లు లేకే చాలామంది చేరరు. సంఘం ఒక్కరోజు బ్యాంకు వాళ్లను పిలిపిస్తే అందరూ చేరిపోతారు. కెమెరాకు కూడా బీమా ఉంటుంది. దానికి కొన్న బిల్లు, కెమెరా మీద ఉన్న నంబరు దాచుకోవాలి.

ఆడవాళ్లకు ఇంకో భయం ఉంది. ఫంక్షన్ హాల్లో ఎవరైనా తాగి చెయ్యి వేస్తే? పనిచోట వేధింపుల మీద 2013లో చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి జిల్లాలో ఒక కమిటీ ఉండాలి. మూడు నెలల లోపు రాసి ఇవ్వాలి. ఆ కాగితం రాసేటప్పుడు పక్కన కూర్చునే మనిషి కావాలి గదా.

ఆడవాళ్లు ఈ పనిలోకి రావడం మంచిదే. 1892లోనే లాలా దీన్‌దయాళ్ హైదరాబాదులో జనానా స్టూడియో పెట్టారు. పరదాలో ఉండే స్త్రీలకు అక్కడ ఒక ఇంగ్లీషు ఆమె ఫోటోలు తీసేది. ఇప్పుడు కూడా పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకి ఆడమనిషి కెమెరాతో వస్తే ఇంట్లోవాళ్లకు నిశ్చింత.

అయితే బోర్డు కట్టిన ప్రతి సంఘమూ మంచిది కాదు. చందా తీసుకుని డైరీ ఒకటి చేతిలో పెట్టి ఊరుకునేవీ ఉంటాయి. చేరేముందు అడగాలి. రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? చందాకు రసీదు ఇస్తారా? జమాఖర్చులు మీటింగులో చదువుతారా? కమిటీలో ఆడవాళ్లు ఎందరు? వాళ్లు మాట్లాడతారా, సంతకాలు మాత్రమే పెడతారా? ఇంకో సంగతి. ఇంత ధరకు తక్కువ ఎవరూ తీసుకోవద్దని సంఘం కట్టుబాటు పెట్టకూడదు. 2002 నాటి పోటీ చట్టం దానికి ఒప్పుకోదు.

దగ్గరలో మంచి సంఘం లేకపోతే? ఏడుగురు ఉంటే చాలు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కొత్తది పెట్టుకోవచ్చు. నియమాలు రాసుకోవాలి. కాగితం మీద పేరు, చిరునామా, చేసే పని రాసి ఏడుగురూ సంతకాలు పెట్టాలి. 'చేసే పని' అన్న చోట 'గృహిణి' అని రాయకండి. 'ఫోటోగ్రాఫర్' అని రాయండి.