చంకబిడ్డ – అక్క చదువు

మన ఇళ్ళలో బిడ్డకు నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండిననాడు బిస్మిల్లా జరిపించే ఆచారం ఉన్నది. హిందూ సోదరుల ఇళ్ళలో పళ్ళెంలో బియ్యం పోసి, బిడ్డ వేలు పట్టి ఓనమాలు దిద్దించి అక్షరాభ్యాసం చేస్తారు. విద్య ఆనాటి నుంచే ఆరంభమైనట్లు ఉభయులూ భావిస్తారు. అంతకు ముందటి నాలుగేళ్ళూ ఆ బిడ్డ ఎవరి చేతుల్లో పెరిగినట్లు? తల్లి చేతుల్లో అంటాం. అమ్మమ్మను, నాయనమ్మను, వారి జోలపాటలను తలుచుకుంటాం. అదంతా నిజమే గాని, తల్లి ఇంటిపట్టున ఉండగలిగిన ఇళ్ళకే నిజం. మన వడ్డాది, చోడవరం ప్రాంతాల్లో వరినాట్లకు, కలుపుతీతకు, చెరకు తోటలకు కూలికి పోయే తల్లుల ఇళ్ళలో బిడ్డను మోసిన చేతులు తరచుగా ఏడెనిమిదేళ్ళ అక్కవి.

మా పెద్ద ఖాలా రెండవ తరగతి దాటలేదు. చెల్లెలు పుట్టిన కొన్ని నెలలకే నానీ కూలికి వెళ్ళవలసి వచ్చినది. చంకలో చెల్లెలితో ఖాలా కొన్నాళ్ళు బడికి పోయి గుమ్మం దగ్గర కూర్చున్నదట. బిడ్డ ఏడ్చినప్పుడల్లా లేచి బయటికి పోవాలి. చివరకు పోవటమే మానినది. ఆ చంకబిడ్డ మా అమ్మ. అమ్మ ఏడవ తరగతి వరకు చదివినది. "మీ అమ్మ చదువు నా నడుమెక్కి సాగిందిరా" అని ఖాలా ఇప్పటికీ నవ్వుతూ అంటుంది. నాకు మాత్రం నవ్వు రాదు.

ఈ చిక్కును ఎరిగి దానికి ఉపాయం ఆలోచించిన విద్యావేత్తల్లో తారాబాయి మోడక్ ముఖ్యురాలు. భావనగర్‌లో 1920లో బాలమందిరం స్థాపించిన గిజుభాయి బధేకా వద్ద ఆమె పనిచేసినది. మాంటిస్సోరీ పద్ధతి పట్టణాల్లోని సంపన్నుల బిడ్డలకే పరిమితం కారాదని 1945లో మహారాష్ట్రంలోని బోర్డీ గ్రామానికి వెళ్ళి, ఖరీదైన పరికరాలకు బదులు గవ్వలతో, గులకరాళ్ళతో, ఆకులతో పిల్లలకు పాఠాలు చెప్పించినది. అంగన్‌వాడీ అనే మాటకు మూలం అక్కడే. 1957లో అనుతాయి వాఘ్‌తో కలిసి కోస్‌బాడ్‌లో ఆదివాసి పిల్లల కోసం నెలకొల్పిన వికాసవాడిలో శిశుగృహం, బాలవాడి, ప్రాథమిక పాఠశాల ఒకే చోట ఉండేవి. తమ్ముణ్ణి ఊయలలో వేసి అక్క పక్క గదిలో చదువుకొనవచ్చును. ఇంత చిన్న ఏర్పాటు అంతకు ముందు మహామహులకు ఎందుకు తోచలేదో!

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం దేశంలో 33 ప్రాంతాలలో ప్రారంభమైనది. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, బడికి ముందటి విద్య ఒకే కేంద్రం ద్వారా అందించటం దాని విశేషం. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది శిశువులు ఏడాది నిండకుండానే మరణించేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగినది. ఇందుకు కారణాలు అనేకం. టీకాలు, కాన్పు వైద్యం, తల్లుల చదువు అన్నీ కలిసినవి. 1986 జాతీయ విద్యావిధానం మరొక మెట్టెక్కి, తమ్ముళ్ళను, చెల్లెళ్ళను సాకే ఆడపిల్లలు బడికి రాగలగటానికి శిశుసంరక్షణ కేంద్రాలు కావాలని స్పష్టంగా చెప్పినది. ఖాలా వంటివారిని ప్రభుత్వ పత్రం గుర్తించినందుకు సంతోషమే. అప్పటికి ఆమె పెళ్ళియై పిల్లల తల్లి.

అయినను లోటు పూర్తిగా తీరలేదు. అంగన్‌వాడీలో రోజూ కూర్చోబెట్టేది మూడేళ్ళు నిండిన పిల్లలను. అంతకు చిన్నబిడ్డకు ఆహారం ఇంటికి వస్తుంది గాని, తల్లి పనికి వెళ్ళితే బిడ్డను పట్టుకొనే చేతులు రావు. ఐదుగురు, అంతకు పైబడి ఆరేళ్ళలోపు పిల్లలు పనిచోటికి వస్తే, వారిని చూచుటకు కూలీల్లోనే ఒక స్త్రీని నియమించి ఆమెకు కూలి ఇవ్వాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం నిర్దేశించినది. అంగన్‌వాడీలోనే శిశుగృహం నడిపే ఏర్పాటుకు కేంద్ర ప్రభుత్వం 2022లో పాల్నా అని పేరు పెట్టినది. పాల్నా అంటే ఊయల. ఉర్దూ విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు.

కడచిన సంవత్సరం నాట్ల రోజుల్లో నా తరగతిలో ఒక విద్యార్థిని వరుసగా మూడు వారాలు రాలేదు. హాజరు తక్కువైనదని నేను కొంచెం కటువుగానే సంజాయిషీ అడిగాను. "వదిన పొలానికెళ్తుంది సార్, బాబుకి ఏడో నెల" అన్నది తలవంచుకొని. ఆ రోజు పాఠం సరిగా చెప్పలేకపోయాను.

కళాశాల సంఘంవారికి ఒక విన్నపం. వచ్చే విద్యాసంవత్సరం ఖర్చుల అంచనా వేసేటప్పుడు ఒక గదికి, రెండు ఊయలలకు, ఒక ఆయా జీతానికి చోటు చూడవలెను. ఆ గది తరగతి గదులకు దగ్గరగా ఉంటే మేలు. బిడ్డ ఏడుపు వినబడినా నా పాఠానికి అంతరాయం కాదు.