కొత్త కొలువుకి బయల్దేరుతున్నారా? ట్రైలర్ తగిలించే ముందు ఇవి చూసుకోండి!

అమెరికాలో ఎంఎస్ చేయాలనుకుంటున్నారా? జీఆర్ఈ, ఎస్‌ఓపీ, వీసా ఇంటర్వ్యూ... వీటి గురించి చెప్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. చదువు పూర్తయ్యాక ఎదురయ్యే ఒక పని గురించి మాత్రం ఎవరూ చెప్పరు. అదే ఊరు మారడం! ఆఫర్ లెటర్ వస్తుంది, ఉద్యోగమేమో వేరే రాష్ట్రంలో. సోమవారం జాయినింగ్. రెండేళ్లలో పోగైన పరుపు, టేబుల్, కుక్కర్లు, పుస్తకాల అట్టపెట్టెలు కారులో పట్టవు. అప్పుడు అందరికీ తట్టే మార్గం ఒక్కటే: కారు వెనక అద్దె ట్రైలర్ తగిలించుకుని వెళ్లిపోవడం.

అది దొరకడం కూడా చాలా తేలిక. 1945లో మొదలైన యూ-హాల్ సంస్థ ట్రక్కు అద్దెకివ్వాలంటే 18 ఏళ్లు నిండాలంటుంది. ట్రైలర్‌కైతే 16 ఏళ్లు చాలు. చిన్న ట్రైలర్ లాగడానికి మామూలు కారు లైసెన్సే సరిపోతుంది. విడిగా పరీక్ష లేదు, శిక్షణ లేదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. జీవితంలో ఒక్కసారి కూడా ట్రైలర్ లాగని వ్యక్తి, మొదటిసారే దాన్ని హైవే ఎక్కిస్తాడు. అందుకే వెళ్లకముందే నాలుగు విషయాలు తెలుసుకుంటే మంచిది.

మొదటి లెక్క బరువుదే

ప్రతి కారుకీ ఇంత బరువే లాగగలదన్న పరిమితి ఉంటుంది. అది ఓనర్స్ మాన్యువల్లో రాసి ఉంటుంది. కొన్ని కార్లకైతే 'ట్రైలర్ లాగొద్దు' అనే ఉంటుంది. 'మా ఫ్రెండు ఇదే కారుతో లాగాడు' అన్న మాటని నమ్మకండి. మోడల్ పేరు ఒకటే అయినా ఇంజిన్, తయారైన సంవత్సరం, అమ్మిన దేశాన్ని బట్టి పరిమితి మారుతుంది. పైగా ఆ పరిమితిలో సామాను బరువే కాదు, ఖాళీ ట్రైలర్ బరువు కూడా కలిసే ఉంటుంది.

రెండో లెక్కని చాలామంది అసలు పట్టించుకోరు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి కారు ఎంత మోయగలదో దాని మీద ఉంటుంది. ట్రైలర్ ముందు కొక్కెం కారు మీద మోపే బరువు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. స్టిక్కర్ మీద 850 పౌండ్లు అని ఉందనుకోండి. ఖాళీ ట్రైలర్ 900 పౌండ్లు, అందులో మీ సామాను 800. మొత్తం 1,700. ఇందులో 10 నుంచి 15 శాతం, అంటే 170 నుంచి 255 పౌండ్లు కారు వెనక భాగం మీద పడాలి. ఇప్పుడు కారులో నలుగురు ఎక్కితే సుమారు 600, డిక్కీలో బ్యాగులు 150. రెండూ కలిపి 750. మిగిలింది 100 పౌండ్లే. ట్రైలర్ మోపే బరువుకి చోటు లేదు! అదే ఇద్దరే ప్రయాణిస్తే 400 పౌండ్లు మిగులుతాయి. మిగతా ఇద్దరిని బస్సులో రమ్మనడమే క్షేమం. వాళ్లని ట్రైలర్‌లో ఎక్కించే ఆలోచన మాత్రం కలలో కూడా వద్దు.

తాతలకి తెలిసిన సూత్రమే

సామాను ఎలా సర్దాలో మీ తాతగారిని అడిగినా చెబుతారు. ఎద్దులబండికి ముందు బరువు మరీ ఎక్కువైతే ఎద్దుల మెడ మీద పడుతుంది. వెనక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. అందుకే బండి నింపేటప్పుడు నొగ వైపు కాస్త మొగ్గు ఉండేలా చూసుకుంటారు. ట్రైలర్‌దీ అదే లెక్క. సామాను బరువులో 60 శాతం ట్రైలర్ ముందు సగంలో, 40 శాతం వెనక సగంలో ఉండాలి.

పుస్తకాలు, బియ్యం బస్తా, డంబెల్స్ లాంటి బరువైనవి అడుగున, ముందు వైపు పెట్టండి. ఎడమ, కుడి వైపుల బరువు సమానంగా ఉండాలి. పరుపులు, దిండ్లు, బట్టలు వెనక్కి. మలుపుల్లో జారిపోకుండా తాళ్లతో బిగించండి. చివర్లో గుర్తొచ్చిన కుక్కరు, మిక్సీ, ఇనుప పెట్టె అన్నీ వెనక తలుపు దగ్గర కుక్కేయడం... చాలామంది చేసే పొరపాటు ఇదే.

తగిలించేటప్పుడు తొందర వద్దు

కారుకి బిగించిన హిచ్ బాల్ సైజు, ట్రైలర్ కప్లర్ సైజు సరిపోవాలి. ఒకటిముప్పావు అంగుళాల పైచిలుకు, రెండు అంగుళాలు, అంతకంటే పెద్దవి... ఇలా బాల్స్ రకరకాలుగా దొరుకుతాయి. కప్లర్ పెద్దదై బాల్ చిన్నదైతే దారిలో ఒక్క కుదుపుకి ఊడిపోవచ్చు. సైజు బాల్ మీదే ముద్రించి ఉంటుంది, చూసుకోండి.

సేఫ్టీ చెయిన్లు రెండింటినీ కప్లర్ కింద కత్తెరలా అడ్డంగా వేయాలి. ఒకవేళ కప్లర్ ఊడినా ముందు భాగం రోడ్డు మీద పడకుండా ఆ గొలుసుల మీద ఆగుతుంది. అవి నేలకి రాసుకోకూడదు, మలుపు తిరగలేనంత బిగుతుగానూ ఉండకూడదు. లైట్ల వైరు కలిపాక ఒకరు వెనక నిలబడి బ్రేక్ లైటు, రెండు ఇండికేటర్లు వెలుగుతున్నాయో లేదో చూడాలి. టైర్లలో గాలి చూసుకోండి. బయల్దేరిన కొద్ది మైళ్లకి ఒకసారి ఆగి కప్లర్, గొలుసులు, తాళ్లు మళ్లీ తడిమి చూడండి.

55 అంటే 55 మైళ్లే!

ట్రైలర్‌తో గంటకి 55 మైళ్లు దాటొద్దని యూ-హాల్ చెబుతుంది. కాలిఫోర్నియాలోనైతే అది చట్టమే. అక్కడ ఏ వాహనాన్ని లాగుతున్నా 55 మైళ్లే గరిష్ఠ వేగం. పక్కన కార్లకి 70 బోర్డు ఉన్నా సరే మీకు వర్తించదు. కుడి చివరి లేన్‌లోనే వెళ్లాలి. ఒక వైపే నాలుగు లేదా అంతకంటే ఎక్కువ లేన్లుంటే కుడి నుంచి రెండో లేన్ కూడా వాడుకోవచ్చు. మిగతా రాష్ట్రాల్లో నిబంధనలు వేరు. మీ దారిలో వచ్చే ప్రతి రాష్ట్రానివీ ముందే చూసుకోండి.

ఈ వేగంతో ప్రయాణ సమయం లెక్క కూడా మారిపోతుంది. 900 మైళ్ల దూరాన్ని 70తో వెళ్తే 13 గంటలు. 55తో అయితే 16 గంటలు దాటుతుంది. పెట్రోలు, భోజనం, విశ్రాంతి అదనం. అంటే ఒక్క రోజులో అయ్యే పని కాదు. ఆదివారం పొద్దున బయల్దేరి సోమవారం ఆఫీసుకి చేరాలనుకుంటే... నిద్రమత్తు, తొందర, ట్రైలర్ మూడూ కలుస్తాయి. జాయినింగ్ తేదీ రెండు రోజులు జరపమని హెచ్‌ఆర్‌ని అడగడం తప్పేం కాదు.

వెనక ఊగడం మొదలైతే?

వెనక బరువు ఎక్కువైనా, వేగం పెరిగినా, పక్క నుంచి పెద్ద ట్రక్కు దూసుకెళ్లినా ట్రైలర్ పాము తోకలా అటూ ఇటూ ఊగుతుంది. ఆ క్షణంలో మన చేతులు, కాళ్లు చేయాలనుకునేవన్నీ తప్పులే. గట్టిగా బ్రేక్ వేయకండి. ఊపుకి ఎదురు స్టీరింగ్ తిప్పకండి. 'వేగం పెంచితే సర్దుకుంటుంది' అనుకోకండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసి, స్టీరింగ్‌ని నిటారుగా గట్టిగా పట్టుకోండి. వేగం దానంతటదే తగ్గుతుంటే ఊపూ తగ్గుతుంది. తర్వాత భద్రమైన చోట ఆగి సామాను ముందుకి సర్దండి. సర్దకుండా మళ్లీ బయల్దేరితే అదే ఊపు మళ్లీ వస్తుంది.

ముందు వాహనానికీ మీకూ మధ్య దూరం ఎప్పటికంటే బాగా ఎక్కువ ఉంచండి. వెనక నుంచి నెట్టే బరువుంది కాబట్టి కారు ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. కొండ దిగేటప్పుడు బ్రేక్ మీదే కాలు ఉంచేస్తే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. తక్కువ గేర్‌లో దిగండి.

రివర్స్ కూడా ఒక విద్యే. మన ఊళ్లలో ట్రాక్టర్ ట్రాలీని ఇరుకు సందులోకి వెనక్కి నడిపే డ్రైవర్‌ని చూశారుగా! చిట్కా ఇది: స్టీరింగ్‌ని కింది భాగంలో పట్టుకోండి. ట్రైలర్ ఎటు పోవాలో చేతిని అటు జరపండి. మెల్లగా, కొంచెం కొంచెంగా. మడత పడేలా అనిపిస్తే ఆగి, ముందుకెళ్లి మళ్లీ మొదలుపెట్టండి. బయల్దేరే ముందు ఖాళీ పార్కింగ్‌లో అరగంట సాధన చేస్తే చాలా ధైర్యం వస్తుంది.

కేసు పడితే...

విదేశీ విద్యార్థికి ట్రాఫిక్ కేసు జరిమానాతో పోయేది కాకపోవచ్చు. ఉదాహరణకి వర్జీనియాలో గంటకి 85 మైళ్లు దాటితే రెక్‌లెస్ డ్రైవింగ్ కింద క్రిమినల్ కేసే. వీసా దరఖాస్తు డీఎస్-160లో అరెస్టులు, శిక్షల గురించి అడుగుతారు. అక్కడ నిజమే చెప్పాలి. బీమా సంగతీ ముందే తేల్చుకోండి. ట్రైలర్ వల్ల ఎదుటివారికి నష్టం జరిగితే మీ పాలసీ కడుతుందా? అద్దె ట్రైలరే పాడైతే ఎవరు కడతారు? ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. బీమా కంపెనీకి రాతపూర్వకంగా పంపి జవాబు తీసుకోండి.

బ్రిటన్ వెళ్లేవారికి

అక్కడి నియమాలు వేరు. 1997 జనవరి 1 తర్వాత కారు పరీక్ష పాసైనవారు 3,500 కిలోల వరకు ట్రైలర్ లాగొచ్చని 2021 డిసెంబరు 16 నుంచి అనుమతించారు. ట్రైలర్‌తో సింగిల్ క్యారేజ్‌వేలో 50, మోటార్‌వేలో 60 మైళ్లే. మూడు, అంతకంటే ఎక్కువ లేన్లున్న మోటార్‌వేలో కుడి చివరి లేన్ వాడకూడదు. ట్రైలర్ వెనక కూడా కారు నంబరే ఉండాలి.

ఆఫర్ దగ్గరే అడగండి

చివరిగా ఒక మాట. ఊరు మారడానికి కంపెనీ ఖర్చు ఇస్తుందేమో ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే అడగండి. అమెరికాలో 2018 నుంచి ఆ సొమ్ముని ఫెడరల్ పన్నులో ఆదాయంగానే లెక్కిస్తున్నారు కాబట్టి, చేతికి ఎంతొస్తుందో కూడా కనుక్కోండి. అది వస్తే సామాను మూవర్స్‌కి అప్పగించి మీరు హాయిగా విమానం ఎక్కొచ్చు. రాకపోతే ఒక్కసారి లెక్క వేయండి: ఆ పాత పరుపు, టేబుల్ అమ్మేసి కొత్త ఊళ్లో కొనుక్కుంటే ఎంతవుతుంది? ట్రైలర్ అద్దె, అదనపు పెట్రోలు, రెండు రాత్రుల హోటల్ కలిపితే ఎంత? చాలాసార్లు ట్రైలరే అవసరం లేదని తేలుతుంది. అవసరమే అనుకుంటే పైన చెప్పిన లెక్కలన్నీ వేసుకుని, రెండు రోజుల టైమ్ పెట్టుకుని బయల్దేరండి. మొదటి జీతం కంటే ముందు మీరు క్షేమంగా చేరడం ముఖ్యం.