ఎవరిదీ కాని నేలపై ఇందూరు బిడ్డ

పాఠశాలలో ఉపాధ్యాయుడు త్రిప్పి చూపే భూగోళము పాఠకులకు గుర్తుండే ఉంటుంది. దానిమీద హిమాలయాలు కనబడతాయి, సహారా కనబడుతుంది, వెదికితే చిన్న చుక్కగా హైదరాబాదు కూడ కనబడుతుంది. అంటార్కిటికా మాత్రము కనబడదు. గోళమును పీటకు బిగించే మేకు సరిగా ఆ ఖండము నడుమనే దిగి ఉంటుంది. మన దేశమునకు నాలుగు రెట్లు మించిన విస్తీర్ణము గల ఖండము ఈ విధముగా పీట నీడలో అణగిపోయి, పిల్లల కంట బడకుండానే చదువు ముగిసిపోతుంది.

2019 డిసెంబరు 26వ తేదీ మార్గశిర అమావాస్య. ఆ ఉదయము మన దేశమున సూర్యగ్రహణము. ఇందూరు సీమలో గుడుల తలుపులు మూసి, జనము పట్టు విడుపుల వేళలు లెక్కించుకొంటూ ఉండిన ఆ తేదీననే, ఆ జిల్లాలోని సిరికొండ మండలము పాకాల గ్రామమునకు చెందిన పందొమ్మిదేళ్ళ యువతి, ఆ మేకు దిగిన చోటికి ఇంచుమించు 1,200 కిలోమీటర్ల దూరాన, అంటార్కిటికాలోకెల్లా ఎత్తైన విన్సన్ శిఖరముమీద నిలిచినది. అక్కడ ఆ ఋతువులో సూర్యుడు అస్తమించడు. అర్ధరాత్రి కూడ ఎండయే. కాని ఆ ఎండలో వేడి లేదు. కొండ నీడ పడిన మరుక్షణమే చలి సున్నాకు ముప్పది డిగ్రీల దిగువకు జారుతుంది.

ఆమె మాలావత్ పూర్ణ. లంబాడీ వ్యవసాయ కూలీల ఇంట 2000 సంవత్సరములో పుట్టినది. చదువు తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో సాగినది. ఆ ఊరు నాడు నిజామాబాదు జిల్లాలోనిదే. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కామారెడ్డి జిల్లాలో చేరినది. గురుకులాల సంస్థకు నాడు కార్యదర్శిగా ఉండిన శ్రీ ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పిల్లలకు పర్వతారోహణము నేర్పించ సంకల్పించి, వందకు పైగా విద్యార్థులను భువనగిరి కొండకు పంపినారు. ఒకే శిలయై కోడిగ్రుడ్డువలె నున్నగా నిలిచిన ఆ కొండను ఎరిగినవారికి, అక్కడ త్రాడు పట్టుకొని ప్రాకడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. శ్రీ శేఖర్ బాబు శిక్షకుడు. భువనగిరిలో నిగ్గుతేలినవారు డార్జిలింగు హిమాలయ పర్వతారోహణ సంస్థకు, అక్కడ నిగ్గుతేలినవారు లడఖ్ చలికి వెళ్ళినారు. చివరకు మిగిలినది ఇద్దరే: పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్.

ఆ ఇద్దరూ 2014 మే 25వ తేదీన టిబెట్టు వైపునుండి ఎవరెస్టును అధిరోహించినారు. పూర్ణకు అప్పటికి పదునాలుగేళ్ళు నిండలేదు. నేపాలు ప్రభుత్వము పదహారేళ్ళ లోపువారికి అనుమతి ఇవ్వదు గనుక ఉత్తరపు దారి పట్టవలసి వచ్చినది. ఆ ఏప్రిల్ 18వ తేదీననే నేపాలు వైపున ఖుంబు హిమపాతము వద్ద మంచు చరియ విరిగిపడి, బరువులు మోసి బ్రతికే కొండకూలీలు, మార్గదర్శకులు పదహారుమంది మరణించినారు. అయినను ఈ జట్టు వెనుదిరుగలేదు. పదమూడేళ్ళ పిల్లను అంత ఎత్తుకు, అంత ప్రమాదమునకు పంపవచ్చునా అని నాడు కొందరు ప్రశ్నించినారు. అది అసూయాపరుల ప్రశ్న అని త్రోసివేయడము న్యాయము కాదు. పిల్ల క్షేమముగా దిగివచ్చినందున ఆ ప్రశ్న చెల్లిపోదు. ఐతే మరొక మాట కూడ చెప్పవలెను. తండాలో పదమూడేళ్ళకు పెళ్ళి మాట ఎత్తినప్పుడు, పత్తి చేలలోనికి కూలికి తోలినప్పుడు, ఇంత గట్టిగా అడిగినవారు కనబడరు.

ఎవరెస్టుతో ఆగని పూర్ణ ఏడు ఖండాల ఏడు ఉన్నత శిఖరాల వ్రతము పట్టినది. 2016లో కిలిమంజారో, 2017లో ఎల్బ్రస్, 2019లో అకొంకాగువా, కార్‌స్టెన్జ్. తరువాత విన్సన్. తక్కిన శిఖరాలన్నీ ఏదో ఒక దేశమునకు చెందినవి. కొండ ఎక్కేవాడు ఆ దేశపు అనుమతి పొంది, ఆ దేశమునకు రుసుము చెల్లించి ఎక్కుతాడు. విన్సన్ ఒక్కటే ఏ దేశమునకూ చెందనిది. ఈ వ్యాసమునకు నిమిత్తమైన విశేషము అదే.

1958 వరకు అటువంటి పర్వతము ఒకటి ఉన్నదని లోకమునకు తెలియదు. ఆ జనవరిలో అమెరికా నౌకాదళపు విమానమువారు దానిని పైనుండి చూచినారు. అమెరికా శాసనసభ్యుడైన కార్ల్ విన్సన్ పేరు పెట్టినారు. ఎనిమిదేళ్ళ తరువాత, 1966 డిసెంబరులో నికొలస్ క్లించ్ నాయకత్వాన వెళ్ళిన అమెరికా జట్టు మొదటిసారి ఎక్కినది. 4,892 మీటర్ల ఎత్తు. ఎవరెస్టుతో పోలిస్తే సగము కొద్దిగా మించును. కాని అక్కడికి చేరుకోవడమే సగము యాత్ర. దక్షిణ అమెరికా కొసన చిలీ దేశపు పుంటా అరీనాస్ పట్టణమునుండి విమానములో బయలుదేరి, మూడువేల కిలోమీటర్లు దాటి, యూనియన్ హిమానీనదము వద్ద సిమెంటుకు బదులు నీలిమంచే పరచిన నేలమీద దిగవలెను. అక్కడనుండి కాళ్ళకు చక్రాలకు మారుగా పలకలు గల చిన్న విమానము కొండ పాదము వరకు చేర్చును. పిమ్మట ఎవరి సామాను వారే వీపున మోసుకొని, మిగిలినది జారుబండిపై పెట్టి, నడుముకు కట్టుకొని ఈడ్చుకు పోవలెను. కట్టెలు లేవు, నీరు లేదు. మంచును పొయ్యిమీద కరగించుకొన్నప్పుడే గ్రుక్కెడు నీరు. ప్రపంచపు మంచినీటిలో డెబ్బది వంతులదాకా ఆ ఖండమునందే గడ్డకట్టి ఉన్నదని వినినవారికి, అక్కడ దాహమే పెద్ద సమస్య అనడము వింతగా తోచవచ్చును.

తిన్నదాని కాగితపు ముక్క కూడ అక్కడ వదలివేయరాదు. అంతేకాదు. విన్సన్ ఎక్కువారు తమ మలమును సైతము సంచులలో కట్టి, మోసికొని దిగి, విమానములో ఖండము దాటించి తీసుకొని రావలెను. సభ్యసమాజములో ఎత్తరాని ప్రసంగమని కొందరు ముఖము చిట్లించవచ్చును. కాని విశ్వపౌరసత్వమని వేదికలపై మనము వల్లించే పెద్ద మాటకు ఇంతకంటె స్పష్టమైన అర్థము మరెక్కడా కనబడదు: ఎవరిదీ కాని నేలలో ఎవరి మురికి వారే మోసుకొని పోవలెను.

ఈ నియమము ఊరక పుట్టలేదు. అంటార్కిటికాలో తమకు భూమి ఉన్నదని ఏడు దేశాలు హక్కు చెప్పుకొనినవి. 1959 డిసెంబరు 1వ తేదీన పన్నెండు దేశాలు సంతకాలు చేసిన ఒడంబడిక ఆ హక్కులను ఒప్పుకొననూ లేదు, కాదననూ లేదు; ఉన్నవి ఉన్నట్లు గడ్డకట్టించి, సైనిక స్థావరాలను, ఆయుధ పరీక్షలను నిషేధించి, శాస్త్రజ్ఞులకు తలుపు తెరచినది. 1961లో అది అమలులోనికి వచ్చినది. మన దేశము 1983లో అందులో చేరినది. దక్షిణ గంగోత్రి, 1989లో మైత్రి, 2012లో భారతి అని మనవారు మూడు స్థావరాలు నిర్మించినారు. 1991లో మాడ్రిడ్ నగరములో మరొక ఒప్పందము జరిగి, ఖనిజాలు త్రవ్వరాదు, చెత్త వదలరాదు అనే నిబంధనలు ఏర్పడినవి.

యువజనులను ఈ పనిలో దించినవారిలో ఆంగ్లేయుడైన రాబర్ట్ స్వాన్ ముఖ్యుడు. 1986 జనవరి 11వ తేదీన ఆయన నడచి దక్షిణ ధ్రువమును చేరుకొన్నాడు. ఆ రోజుననే ఆయన ఓడ మంచు ఒత్తిడికి పగిలి మునిగిపోయినది. 1989లో ఏడు దేశాలవారిని ఎనిమిదిమందిని కూడగట్టి ఉత్తర ధ్రువము కూడ చేరినాడు. తరువాత దేశదేశాల పడుచువారిని అంటార్కిటికాకు తీసుకొని పోవడము మొదలుపెట్టినాడు. వారు చేసిన మొదటి ఘనకార్యము జెండా నాటడము కాదు. రష్యావారి బెల్లింగ్స్‌హౌసెన్ స్థావరము చుట్టూ ఏండ్ల తరబడి పేరుకొన్న వేయి టన్నులకు పైబడిన ఇనుప తుక్కును ఎత్తి ఓడకెక్కించడము. యాత్రలకు ఇంతకంటె మంచి కారణము దొరకడము కష్టము.

ఇంత దూరపు ఖండముతో ఇందూరుకు, బోధనుకు సంబంధమేమి అని అడుగవచ్చును. పాత చుట్టరికము ఒకటి ఉన్నది. సుమారు పదమూడు కోట్ల ఏండ్ల క్రితము వరకు మన దేశము, తూర్పు అంటార్కిటికా అంటుకొని ఉండేవి. మన తూర్పు కనుమల రాళ్ళకు తోబుట్టువులు నేటికీ ఆ మంచు క్రింద ఉన్నవి. ఆ ప్రాచీన మహాఖండమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా. నిజామాబాదు జిల్లా పొలిమేరన గోదావరి దాటితే ఆదిలాబాదు అడవులలో కనబడే గోండుల పేరే అది. మంచుఖండమునకు మన ఆదివాసుల పేరుతో బంధుత్వము ఉన్నదని మన పిల్లలలో ఎందరికి చెప్పినాము?

దగ్గరి సంబంధము మరొకటి ఉన్నది, అది నీటిది. బోధను చెరకు సీమ మంజీర పెట్టిన భిక్ష. ఆ నది మహారాష్ట్రలో బాలాఘాట్ కొండలలో పుట్టి, కర్ణాటకములో బీదరు మీదుగా ప్రవహించి, తెలంగాణలో ప్రవేశించి, బోధనుకు సమీపాన కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. 1923లో ప్రారంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము ఆ నీటిని ఆపి కాలువలలోనికి మళ్ళించినది. కాలువ నీరు వచ్చినది గనుకనే చెరకు వచ్చినది. చెరకు వచ్చినది గనుకనే 1930ల చివర శక్కర్‌నగరులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసి, ఆసియాలోకెల్లా పెద్దదని పేరు పొందినది. చెరకు ఏడాది పొడుగునా నీరు త్రాగే పైరు. సాగరములో పూడిక చేరినది. ఎగువన సింగూరు ఆనకట్ట కట్టిన పిమ్మట మంజీర నీరు మొదట హైదరాబాదు దాహము తీర్చవలసి వచ్చినది. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతులకు పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. ఆ మూతకు నీరొక్కటే కారణమనడము పొరబాటు. కాని మూడు రాష్ట్రాల నది ఒక ఊరి చెరకు గడను ఎట్లా పెంచునో, ఎట్లా ఎండబెట్టునో బోధను రైతుకు ఎవరూ ఉపన్యాసము చెప్పనక్కరలేదు.

కాలువ మొదట ఉన్నవాడు రాత్రివేళ తూము ఎత్తుకొంటే చివరి మడి ఎండుతుంది. అందుకే మన ఊళ్ళలో నీరడి ఉండేవాడు. నీరు అతనిది కాదు, అయినా వంతు చూచేది అతడే. అంటార్కిటికా ఒడంబడికను అర్థము చేసికొనడానికి ఇంతకంటె దగ్గరి పోలిక అక్కరలేదు. ఆ మంచు మొత్తము కరిగితే సముద్రము ఏబది ఎనిమిది మీటర్లు లేస్తుందని శాస్త్రజ్ఞుల లెక్క. అది వేల ఏండ్ల మాట. ఎంత లేచినా ఇందూరు పట్టణపు గడప తడవదు. కాని గోదావరి, కృష్ణల డెల్టాలలో వరి చేలకు ఒక్క మీటరే చాలు. చివరి మడి వారిదే.

ఒక అభ్యంతరము ఉన్నది, దానిని దాచరాదు. మంచు కరగనీయవద్దని చాటడానికి పొగ విడిచే విమానములో ఆ మంచుమీదికే పోవడము ఏమి న్యాయము? దేశాలు దాటి ఒక్కొక్క మనిషిని శిఖరానికి చేర్చడానికి అయ్యే ధనముతో ఎన్ని గురుకులాలకు మంచినీటి వసతి కల్పించవచ్చును? వేలమంది యాత్రికులు వేడుకకై పోయినప్పుడు ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఒక్క పూర్ణ విషయములో మాత్రము ఉన్నది. ఊరు దాటడమే గగనమైన తండాలనుండి, సంక్షేమ వసతిగృహములో చదివిన పిల్ల పోయివచ్చినప్పుడు, గోళములోని ఆ మేకు క్రింద ఏమున్నదో అడిగే పిల్లలు వందలుగా తయారవుతారు. ఐతే అడిగినప్పుడు చెప్పడానికి ఉపాధ్యాయులు సిద్ధముగా ఉండవలెను. ఇంతవరకు మనము ఆమెను పూలమాలలతో ముంచెత్తినాము, ఆమె వయస్సు లెక్కించినాము, ఆమె కథను 2017లో చలనచిత్రముగా కూడ చూచినాము. ఆ కొండమీద సంచి కట్టి దించిన సంగతి మాత్రము ఏ సన్మానసభలోను ఎత్తుకొనము.

2022 జూన్ 5వ తేదీన అలాస్కాలోని డెనాలి ఎక్కడముతో పూర్ణ వ్రతము పూర్తియైనది. ఆ సంవత్సరమే మన పార్లమెంటు అంటార్కిటికా చట్టమును ఆమోదించినది. భారతీయులెవరైనా ఆ ఖండమును మలినము చేస్తే మన న్యాయస్థానములోనే విచారణ జరుగును. మాడ్రిడ్ ఒప్పందము 1998లో అమలులోనికి వచ్చినది. ఏబదేళ్ళు నిండిన పిమ్మట, అనగా 2048నుండి, ఓటు హక్కు గల ఏ సభ్యదేశమైనను దాని సమీక్ష కోరవచ్చును. ఖనిజాల త్రవ్వకముపై నిషేధము ఉండవలెనా, పోవలెనా అనే మాట అప్పుడు మరల లేవవచ్చును. నేడు తాడ్వాయిలో ఏడవ తరగతి చదివే పిల్లకు అప్పటికి ముప్పది అయిదేళ్ళుంటాయి.