ఒకే ద్వారం
అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో 1892లో పుట్టిన బెస్సీ కోల్మన్ చిన్నతనంలో పత్తిచేలలో పనిచేసింది. పెద్దదయాక ఆమెకు విమానం నడపాలని కోరిక పుట్టింది. కాని ఆమె నల్లజాతి స్త్రీ. అక్కడి విమాన పాఠశాల ఒక్కటీ ఆమెను చేర్చుకోలేదు. అందుచేత బెస్సీ ఫ్రెంచిభాష నేర్చుకుని, 1920లో ఓడ ఎక్కి ఫ్రాన్సు వెళ్ళింది! తోటి విద్యార్థి ఒకడు విమానంతో సహా కూలి చనిపోవటం కళ్ళారా చూసికూడా ఆమె మానలేదు. 1921 జూన్ 15న లైసెన్సు సంపాదించింది.

స్వదేశం తిరిగివచ్చి, ఆకాశంలో విమానంతో పల్టీలు కొట్టి చూపసాగింది. ఒకసారి టెక్సాస్‌లో తెల్లవారికీ, నల్లవారికీ వేరువేరు ద్వారాలు పెట్టబోతే, అలా అయితే తాను ఎగరనన్నది. నిర్వాహకులు ఒకే ద్వారం పెట్టారు. లోపల కూచునే చోట్లు మాత్రం వేరుగానే ఉంచారు!

నల్లవారికోసం విమాన పాఠశాల పెట్టాలని బెస్సీ ఆశ. అది తీరకుండానే, 1926 ఏప్రిల్ 30న ఫ్లోరిడాలో విమానం తలకిందులై, ఆమె జారిపడి మరణించింది. మరమ్మతుకు వాడే పానా ఒకటి యంత్రంలో ఇరుక్కుపోయిందట.