పాతబస్తీ అంచున గగనవిద్య

విమానాలు, హెలికాప్టర్లు, రాకెట్లు, క్షిపణులు, ఉపగ్రహాల వంటి ఎగిరే యంత్రాలన్నిటి రూపకల్పనకు, నిర్మాణానికి సంబంధించిన శాస్త్రాన్ని ఏరోస్పేస్ ఇంజనీరింగ్ అంటారు. ఈ ఒక్క విద్య కోసమే నెలకొల్పిన ఉన్నత సాంకేతిక సంస్థలు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. మాస్కోలోని ఏవియేషన్ ఇన్‌స్టిట్యూట్ 1930లోను, ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయానికి మూలమైన ఏరోనాటిక్స్ కళాశాల 1946లోను మొదలు కాగా, మన దేశంలో అంతరిక్ష విద్యకు ప్రత్యేకించిన ఐఐఎస్‌టీ 2007లో తిరువనంతపురంలో ఏర్పడింది. హైదరాబాద్ పాతబస్తీలో ఆ పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం లేదు. అయితే అటువంటి విశ్వవిద్యాలయంలో ఏయే విభాగాలు ఉండాలో అవన్నీ, ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రయోగశాలగా, చార్మినార్‌కు ఆగ్నేయంగా చాంద్రాయణగుట్ట దాటిన తరువాత కంచన్‌బాగ్ నుంచి బాలాపూర్ వరకు పరుచుకుని ఉన్నాయి. అరవై ఏళ్లుగా ఇక్కడ పరిశోధన, బోధన విడదీయరాని విధంగా సాగాయి గనుక, ఈ ప్రాంతాన్ని కేవలం రక్షణ సంస్థల ఆవరణగా కాక ఒక విద్యాకేంద్రంగా కూడా చూడవలసి ఉంది.

1958లో ఢిల్లీలో ప్రత్యేక ఆయుధాల అభివృద్ధి బృందంగా మొదలైన చిన్న సమూహం 1962లో హైదరాబాద్‌కు తరలివచ్చి రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలగా, అంటే డీఆర్‌డీఎల్‌గా స్థిరపడింది. మరుసటి ఏడాదే లోహాల మీద పరిశోధనకు డీఎంఆర్‌ఎల్ ఏర్పడింది. క్షిపణులను ఉత్పత్తి చేసే భారత్ డైనమిక్స్ 1970లోను, ప్రత్యేక మిశ్రలోహాలను తయారు చేసే మిధాని 1973లోను కంచన్‌బాగ్‌కు చేరాయి. 1982లో డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా వచ్చిన ఏపీజే అబ్దుల్ కలాం ఆ పక్కనే ఒకప్పుడు సైనిక పరీక్షలకు వాడిన ఇమారత్ కంచ భూమిని ఎంచుకోగా, 1985లో పునాది పడిన రీసెర్చ్ సెంటర్ ఇమారత్ 1988 నాటికి పని మొదలుపెట్టింది. బాలాపూర్‌లో లోహ చూర్ణాలకు, కొత్త పదార్థాలకు ప్రత్యేకించిన ఏఆర్‌సీఐ, 2001లో దూరశ్రేణి క్షిపణుల కోసం విడివడిన అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లాబొరేటరీ తరువాతి చేరికలు.

ఎగిరే యంత్రాన్ని అర్థం చేసుకోవడానికి విద్యార్థి నాలుగు శాస్త్రాలను నేర్చుకోవలసి ఉంటుంది. గాలి ఆ వస్తువు చుట్టూ ఎలా ప్రవహిస్తుందో చెప్పేది వాయుగతిశాస్త్రం. దాన్ని ముందుకు నెట్టే ఇంజన్లను గురించి చెప్పేది చోదనశాస్త్రం. బరువు పెరగకుండా బలం నిలిచేలా దేహాన్ని కట్టే పద్ధతిని నిర్మాణశాస్త్రం, పదార్థశాస్త్రం కలిసి చెబుతాయి. దారి తప్పకుండా నడిపించే విద్య గైడెన్స్, నియంత్రణ. కంచన్‌బాగ్ ప్రత్యేకత ఏమిటంటే, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ తక్కిన వాటి నుంచి విడిగా ఎదగలేదు. ఇంజన్‌లో వేడి పెరిగితే కొత్త లోహం కావాలి, కొత్త లోహం వస్తే ఇంజన్ ఆకారాన్ని మార్చుకోవచ్చు, ఆకారం మారితే నియంత్రణ లెక్కలన్నీ తిరగరాయాలి. ఈ సమస్యలను విప్పే ప్రయోగశాలలు ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉండటం వల్ల కలిగిన మేలును కాగితాల మీది పాఠ్యప్రణాళికలతో సాధించడం కష్టం.

లోహాల సంగతి ముందుగా చెప్పుకోవాలి, ఎందుకంటే విమానయాన విద్య అనగానే రెక్కలు, ఇంజన్లు గుర్తుకు వస్తాయి గాని వాటి వెనుక ఉన్న మూస, కొలిమి ఎవరికీ గుర్తురావు. జెట్ ఇంజన్‌లో దహన గది నుంచి వెలువడే వాయువుల ఉష్ణోగ్రత, వాటికి ఎదురుగా తిరిగే టర్బైన్ రెక్కల లోహం కరిగే స్థాయిని కూడా దాటుతుంది. మామూలు లోహం లెక్కలేనన్ని సూక్ష్మ స్ఫటికాల సముదాయం. తీవ్రమైన వేడిలో, ఒత్తిడిలో ఆ స్ఫటికాలు కలిసే సరిహద్దుల వెంబడే లోహం మెల్లగా సాగి పగులుతుంది. సరిహద్దులే లేకుండా రెక్క మొత్తాన్ని ఒకే స్ఫటికంగా పోత పోయగలిగితే ఈ బలహీనత తొలగిపోతుంది. ఇందుకోసం కరిగిన నికెల్ మిశ్రలోహాన్ని అచ్చులో కింది నుంచి పైకి అతి నెమ్మదిగా గడ్డకట్టిస్తూ, మెలితిరిగిన సన్నని మార్గం గుండా ఒక్క స్ఫటికాన్ని మాత్రమే పైకి ఎదగనిస్తారు. ప్రపంచంలో కొద్ది దేశాలకే తెలిసిన ఈ విద్యను డీఎంఆర్‌ఎల్ సాధించి, 2021లో హెలికాప్టర్ ఇంజన్ కోసం 60 రెక్కలను హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందజేసింది. అదే ఏడాది 2,000 టన్నుల ప్రెస్‌తో, అచ్చును, లోహాన్ని దాదాపు ఒకే వేడిలో ఉంచి టైటానియం కంప్రెసర్ చక్రాలను మలిచే పద్ధతి కూడా అక్కడ స్థిరపడింది. టైటానియం ఖనిజం నుంచి స్పాంజి రూపంలో లోహాన్ని వేరుచేసే ప్రక్రియ ఈ ప్రయోగశాలలోనే రూపుదిద్దుకుని కేరళలోని చవరలో ఏడాదికి 500 టన్నుల కర్మాగారానికి ఆధారమైంది. నికెల్, కోబాల్ట్, మాలిబ్డినం కలిపి వేడిలో పరిపక్వం చేసే మరేజింగ్ ఉక్కు మిధాని తయారీల్లో ఒకటి. పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశ మోటారు కవచానికి వాడేది ఈ జాతి ఉక్కే.

చోదన రంగంలో ఇటీవలి అధ్యాయం స్క్రామ్‌జెట్. రాకెట్ తన ఇంధనంతో పాటు దాన్ని మండించే ఆక్సిజన్‌ను కూడా మోసుకుపోతుంది. స్క్రామ్‌జెట్ మాత్రం ఎదురుగా వచ్చే గాలిలోని ఆక్సిజన్‌నే వాడుకుంటుంది గనుక బరువు బాగా తగ్గుతుంది. చిక్కు ఎక్కడంటే, ఆ గాలి దహన గదిలోకి కూడా ధ్వని కంటే ఎక్కువ వేగంతోనే దూసుకువస్తుంది. అది లోపల ఉండేది సెకనులో అతి చిన్న భాగం మాత్రమే, ఆలోపే ఇంధనం గాలిలో కలిసి, అంటుకుని, పూర్తిగా మండాలి. గాలిలో దీపం పెట్టి దేవుడిదే భారం అనే మాట మనకు తెలిసినదే. ఇక్కడి ఇంజనీర్లు ఆ దీపాన్ని తుపానులో నిలబెట్టే బాధ్యతను తామే తీసుకున్నారు. 2020 సెప్టెంబర్ 7న ఒడిశా తీరాన జరిగిన పరీక్షలో ఘన ఇంధన మోటారు 30 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చిన వాహనంలో స్క్రామ్‌జెట్ 20 సెకన్లకు పైగా పనిచేసి, ధ్వనికి ఆరు రెట్ల వేగాన్ని నిలిపింది. ఆ తరువాత ప్రశ్న మారింది: మంటను వెలిగించడం నుంచి, ఆ మంట వేడికి గది గోడలు కరగకుండా ఎంతసేపు ఆపగలమన్న దగ్గరకు వచ్చింది. మండబోయే ఇంధనాన్నే ముందుగా గోడల లోపలి సన్నని కాలువల్లో ప్రవహింపజేస్తే అది వేడిని తనలోకి పీల్చుకుని, గోడను చల్లబరిచి, తాను మండటానికి సిద్ధమై గదిలోకి వస్తుంది. ఇందుకు తగిన ఇంధనాన్ని, ఉక్కు కరిగే వేడిని మించి తట్టుకునే సిరామిక్ పూతను డీఆర్‌డీఎల్ అభివృద్ధి చేసింది. 2025 జనవరిలో 120 సెకన్ల పాటు నేల మీద నడిచిన చిన్న నమూనా దహన గది, అదే ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని పరీక్షా కేంద్రంలో 1,000 సెకన్లకు పైగా నడిచింది.

ఇటువంటి వేగాలను నేల మీదే అధ్యయనం చేయడానికి విండ్ టన్నెల్, అంటే వాయు సొరంగం, అవసరమవుతుంది. అందులో నమూనా కదలదు, గాలే దాని మీదుగా పరుగెడుతుంది. ఫలితం మాత్రం వస్తువు కదిలినప్పటిదే. వేగాన్ని ధ్వని వేగంతో పోల్చి చెప్పే కొలతను మాక్ సంఖ్య అంటారు. మాక్ 5 దాటితే, అంటే గంటకు సుమారు 5,400 కిలోమీటర్లు మించితే, హైపర్‌సానిక్ అంటారు. ఒకవైపు అధిక పీడనంలో నింపిన గాలిని మరోవైపు శూన్యంలోకి ఒక్కసారిగా వదిలినప్పుడే అంతటి ప్రవాహం పుడుతుంది. 2020 డిసెంబర్‌లో ఇక్కడ ప్రారంభమైన సొరంగం ఒక మీటరు వ్యాసం గల నాజిల్‌తో మాక్ 5 నుంచి 12 వరకు పరిస్థితులను సృష్టించగలదు.

ఈ విద్య ఇక్కడ ఎలా అబ్బిందన్నది విశ్వవిద్యాలయాల చరిత్రకారులు పట్టించుకోవలసిన విషయం. 1983లో సమీకృత క్షిపణి కార్యక్రమం మంజూరైనప్పుడు పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్ అనే ఐదింటినీ ఒకేసారి చేపట్టడానికి తగినంత మంది శిక్షితులు దేశంలో లేరు. 1987లో కొన్ని పారిశ్రామిక దేశాలు క్షిపణి సాంకేతికతను ఇతరులకు అందనివ్వకూడదని ఒప్పందం చేసుకోవడంతో కొనుక్కునే దారి కూడా మూసుకుపోయింది. అప్పుడు కలాం తలుపులు తట్టింది విద్యాసంస్థలనే. పృథ్వికి గైడెన్స్ గణితసూత్రాలను జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ విద్యార్థులు, ఆకాశ్ ఒకేసారి అనేక లక్ష్యాలను పట్టుకునే సాఫ్ట్‌వేర్‌ను బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధక విద్యార్థులు, అగ్ని తిరిగి వాతావరణంలోకి ప్రవేశించే భాగపు రూపకల్పనకు పద్ధతిని ఐఐటీ మద్రాస్ యువకులు శాస్త్రవేత్తలతో కలిసి సిద్ధం చేశారు. నాగ్ కోసం సంకేతాలను విశ్లేషించే సూత్రాలు మూసీకి ఆవలి ఒడ్డున ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ కేంద్రం నుంచి వచ్చాయి. 1989 మే 22న అగ్ని మొదటిసారి ఎగిరినప్పుడు బయట 2,500 డిగ్రీలకు పైబడిన వేడి నుంచి లోపలి పరికరాలను కాపాడిన కార్బన్ మిశ్రమ కవచం కంచన్‌బాగ్ ఆవరణలో నేర్చుకున్న విద్యే. పాతికేళ్లు నిండీ నిండని విద్యార్థికి దేశ అవసరాన్ని పరిశోధనాంశంగా అప్పగించడం కంటే గొప్ప బోధనా పద్ధతి మరొకటి ఉండదు. ఆ తరం నిలబడటానికి కారణం ఆ నమ్మకమే.

ఆ బాటన నడిచినవారి విద్యాప్రస్థానాలు గమనించదగినవి. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన జి. సతీష్ రెడ్డి అనంతపురం జేఎన్‌టీయూలో ఎలక్ట్రానిక్స్ చదివి, 1986లో డీఆర్‌డీఎల్‌లో చేరి, ఉద్యోగంలో ఉంటూనే హైదరాబాద్ జేఎన్‌టీయూ నుంచి డాక్టరేట్ పొంది, రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌కు, ఆ తరువాత 2018లో రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ అయిన డీఆర్‌డీవోకే అధిపతి అయ్యారు. త్రిసూర్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలో చదివిన టెస్సీ థామస్ పుణెలో క్షిపణి విద్యలో ఎంటెక్ చేసి, హైదరాబాద్‌లోనే పనిచేస్తూ అగ్ని ప్రాజెక్టులకు నాయకత్వం వహించారు. ఇద్దరూ ప్రభుత్వ కళాశాలల నుంచే వచ్చారన్నది చిన్న విషయం కాదు. అదే ఆవరణలోని పదార్థ విజ్ఞానం ఆస్పత్రులకూ చేరింది: పోలియో సోకిన పిల్లలు ఈడ్చుకుంటూ నడిచే మూడు కిలోల కాలిపర్లు క్షిపణి కవచపు మిశ్రమంతో సుమారు 300 గ్రాములకు తగ్గాయి, హృద్రోగ నిపుణుడు బి. సోమరాజుతో కలిసి రూపొందించిన కలాం–రాజు స్టెంట్ గుండె రక్తనాళాల చికిత్స ఖర్చును తగ్గించింది.

నేటి విద్యార్థికి దారులు ఎక్కువే. ఎప్‌సెట్, జేఈఈల ద్వారా ఏరోనాటికల్ బీటెక్‌లో చేరవచ్చు. నగరానికి ఉత్తరాన దుండిగల్ వైపు ఉన్న కళాశాలలు ఈ కోర్సును నడుపుతున్నాయి. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో మెకానికల్, ఏరోస్పేస్ ఒకే విభాగంగా ఉండగా, అక్కడే డీఆర్‌డీవో పరిశోధనా కేంద్రం కూడా ఏర్పడింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పేలుడు పదార్థాల, ఇంధనాల రసాయనశాస్త్రానికి ప్రత్యేక కేంద్రం ఉంది. 2021 జూలైలో ఏఐసీటీఈ, డీఆర్‌డీవో కలిసి మొదలుపెట్టిన రక్షణ సాంకేతికత ఎంటెక్‌లోని ఆరు శాఖల్లో ఏరోస్పేస్ ఒకటి. వీటన్నిటిలో ఒక లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: పాఠం చెప్పే తరగతులు నగరానికి ఉత్తర, పశ్చిమ దిక్కుల్లో ఉంటే, ప్రయోగం జరిగే సొరంగాలు, కొలిములు దక్షిణాన ఉన్నాయి. బార్కస్, హఫీజ్‌బాబా నగర్, సంతోష్‌నగర్ పిల్లలు రోజూ ఆ ప్రయోగశాలల గోడల పక్క నుంచే బడికి వెళుతున్నా, గోడకు అవతల చదువు కూడా జరుగుతోందని వారికి చెప్పేవారు తక్కువ.

భద్రత కోసం గోడ ఉండవలసిందే, దాన్ని తప్పుపట్టడానికి లేదు. అయితే తక్కువ వేగపు వాయు సొరంగంలో రెక్క నమూనాను నిలబెట్టి పీడనాన్ని కొలవడంలో గాని, ఉక్కు ముక్కను లాగి అది ఎక్కడ తెగుతుందో చూడటంలో గాని రహస్యం ఏదీ లేదు. ఏరోస్పేస్ విద్య మొదటి రెండేళ్లలో విద్యార్థికి కావలసింది అటువంటి ప్రయోగాలే. ఆ పరికరాలతో, పదవీ విరమణ చేసిన శాస్త్రవేత్తల బోధనతో గోడకు ఇవతల ఒక సాంకేతిక కళాశాల నిలిస్తే, ఇంటర్ చదివిన పాతబస్తీ అమ్మాయికి దుండిగల్ దాకా బస్సు వెతుక్కోవలసిన పని ఉండదు. ఇంజనీర్లతో పాటు వెల్డర్లు, ఫిట్టర్లు, యంత్రాల ఆపరేటర్ల అవసరం కూడా ఈ రంగానికి చాలా ఉంది. ఈ ప్రయోగశాలలు ఐటీఐ, డిప్లొమా విద్యార్థులను అప్రెంటిస్‌లుగా తీసుకుంటూనే ఉన్నాయి. ఇక్కడికి దక్షిణంగా ఆదిబట్లలో టాటా, బోయింగ్ కలిసి అపాచీ హెలికాప్టర్ దేహాలను 2018 నుంచి అందిస్తుండగా, శంషాబాద్ విమానాశ్రయం పక్కన ఇంజన్ల మరమ్మతు కర్మాగారాలు వెలుస్తున్నాయి. 2018లో హైదరాబాద్‌లో మొదలై, 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్–ఎస్ రాకెట్‌ను పంపిన స్కైరూట్ వంటి యువ సంస్థలు, ఘన ఇంధన మోటార్ల పని తెలిసినవారి కోసం ఈ నగరంలోనే వెతుకుతున్నాయి.