బరువు తగ్గించే ఆపరేషన్ గురించి సంఘంలో ఒక మాట

బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకుంటే అది అవిశ్వాసమా? రేణిగుంట చుట్టుపక్కల సంఘాల్లో ఈ ప్రశ్నను పైకి అడిగేవారు తక్కువ, మనసులో పెట్టుకుని బాధపడేవారు ఎక్కువ. మా జవాబు ముందే చెప్పేస్తాం. గుండెకు స్టెంటు వేయించుకోవడం అవిశ్వాసం కానట్టే ఇదీ కాదు.

మన రాష్ట్రంలో స్త్రీలలో మూడింట ఒక వంతుకు పైగా అధిక బరువుతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వారందరికీ ఈ ఆపరేషన్ అక్కర్లేదు. తీవ్ర స్థూలకాయం అనేది వేరే జబ్బు. అది ఉన్నవారు తిండి తగ్గిస్తే శరీరం ఎదురు తిరుగుతుంది: ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుంది, ఒంట్లో ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. కష్టపడి తగ్గించిన పది కిలోలు మళ్లీ వచ్చేది అందుకే. దాన్ని తిండిబోతుతనమని వేదిక మీద నుంచి అనేయడం సులువు. విన్న సహోదరి మరుసటి ఆదివారం ఆరాధనకు రాదు, అంతే.

ఎవరికి అవసరమో డాక్టర్లు బరువును ఎత్తుతో పోల్చి చూస్తారు. ఐదడుగుల ఒక అంగుళం ఎత్తున్న స్త్రీని తీసుకోండి. మన దేశపు సర్జన్లు పాటిస్తూ వచ్చిన లెక్కలో ఆమె సుమారు 90 కిలోలు దాటితే, లేదా షుగరు, నిద్రలో ఊపిరాగడం వంటివి ఉండి 78 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. బీమా కంపెనీల గీత ఇంకా పైన ఉంటుంది. పాలసీ కాగితం ముందే చదివించుకోండి.

ఎక్కువగా చేసేది స్లీవ్. చిన్న రంధ్రాల గుండా పొట్టలో దాదాపు ముప్పాతిక భాగం తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా ఉంచుతారు. బైపాస్‌లో చిన్న సంచి అంత పొట్టను మిగిల్చి నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. రెండింటిలోనూ తినగలిగేది తగ్గడమే కాదు, ఆకలి హార్మోన్లు కూడా మారతాయి. చాలామందికి ఒంటి బరువులో నాలుగో వంతు వరకూ తగ్గుతుంది, షుగరు అదుపులోకి వస్తుంది. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్నవారు, చేయించుకోనివారికంటే ఎక్కువ కాలం బతికారు.

2015లో నటి ఆర్తి అగర్వాల్ అమెరికాలో మరణించినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని వార్తలొచ్చాయి. అప్పటి నుంచి మనవాళ్లలో చాలామంది రెండూ ఒకటే అనుకుంటున్నారు. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును లాగేది, ఆకారం కోసం చేసేది. స్థూలకాయానికి అది చికిత్స కాదు.

ప్రమాదం లేదని మేము అనం. కుట్టు దగ్గర లీకు కావచ్చు, రక్తం గడ్డకట్టవచ్చు, అరుదుగా ప్రాణమూ పోవచ్చు. తర్వాత జుట్టు రాలుతుంది, పిత్తాశయంలో రాళ్లు వస్తాయి కొందరికి. బి12, ఐరన్, కాల్షియం మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. అశ్రద్ధ చేస్తే బరువు కొంత తిరిగి వస్తుంది కూడా. కాబట్టి ప్రకటన చూసి కాకుండా, ముందు హార్మోన్ల డాక్టరును కలవండి. తిరుపతి స్విమ్స్‌లోనూ, వేలూరు సీఎంసీలోనూ ఆ విభాగాలున్నాయి. ఈ మధ్య వచ్చిన ఇంజెక్షన్లు తమకు సరిపోతాయేమో కూడా అక్కడే అడగవచ్చు. వాటిని ఆపేస్తే మాత్రం చాలామందికి బరువు మళ్లీ పెరుగుతోంది.

ఆపరేషన్ అయిన వ్యక్తి ప్రేమవిందులో నాలుగు ముద్దలతో లేచిపోతే "ఇంకొంచెం బిర్యానీ" అని బలవంతం చేయకండి. ఎక్కువైతే వాంతి అవుతుంది. మాంసకృత్తులు ముందు, అన్నమో సంగటో తర్వాత, నీళ్లు భోజనానికి అరగంట ఎడంగా, ఇదీ వారి పద్ధతి. శ్రమల దినాల్లో నలభై రోజుల ఉపవాసానికి వారిని ఒత్తిడి చేయడం అసలే తగదు. ఉండాలని వారికే ఉంటే, మందుల మోతాదుతో సహా డాక్టరును అడిగాకే ఉండాలి.