చేదు ఆకుకూరలు: వంట, లభ్యత

పరిచయం

ఫిల్టర్ కాఫీలో కలిపే చికోరీ మీకు తెలిసిందే. అది సికోరియం ఇంటిబస్ అనే మొక్క వేరును వేయించి చేసిన పొడి. ఇటలీలో అదే మొక్క ఆకును కూరగా, సలాడ్‌గా తింటారు. ఎర్రని ఆకుల రాడిక్కియో కూడా ఈ జాతిదే. ఇటువంటి ఆకులు మన ఊరి సంతల్లో కనిపించవు. అయితే చేదు ఆకును రుచిగా వండుకునే పద్ధతి మనకు కొత్తది కాదు. తెలంగాణలో వినాయక చవితికి వండే తుమ్మికూర ఇందుకు ఉదాహరణ.

చేదును తగ్గించే పద్ధతులు

చికోరీ ఆకుల చేదుకు లాక్టూసిన్, లాక్టూకోపిక్రిన్ అనే పదార్థాలు ముఖ్య కారణం. తుమ్మి వేరే కుటుంబపు మొక్క. దాని చేదుకు కారణమైన పదార్థాలు వేరు. అయినా వంటలో పాటించే సూత్రాలు రెండింటికీ ఒకటే.

1. నీరు: ఆకును ఉడికించి పిండితే చేదు కొంత నీటిలోకి పోతుంది. రోమ్ నగరంలో చికోరీని ఇలాగే ఉడికించి, పిండి, ఆలివ్ నూనెలో వెల్లుల్లితో వేయిస్తారు. కానీ చేదుతోపాటు సి విటమిన్ కూడా పోతుంది. కాబట్టి లేత ఆకును నేరుగా పప్పులో వేయండి. ముదురు ఆకునే ఉడికించి పిండండి.

2. ఉప్పు: ఉప్పులోని సోడియం నాలుకకు చేదు తెలియడాన్ని తగ్గిస్తుంది.

3. పులుపు, నూనె: ఇవి చేదును తీసివేయవు, దానికి జోడుగా మరో రుచిని నిలుపుతాయి. అక్కడ వెనిగర్, ఆలివ్ నూనె. ఇక్కడ చింతపండు, కుసుమ నూనె.

లభ్యత

చికోరీని విత్తి పెంచుతారు. జహీరాబాద్ ప్రాంతంలో తుమ్మి, గునుగు, జొన్నచెంచలి వంటివి ఎవరూ విత్తకుండానే వానకాలం చేలలో మొలుస్తాయి. కలుపు తీసే స్త్రీలు వాటిని ఒడిలో వేసుకుని ఇంటికి తెస్తారు. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇలాంటి ఆకులను కలుపుగా కాక ఆహారంగా గుర్తించాలని చెబుతూ వచ్చాయి.

జొన్న, కంది, పెసర కలిపి వేసి చేతితో కలుపు తీసే చేలో ఈ ఆకులకు చోటుంటుంది. కలుపు మందు చల్లిన చేలో అవి చస్తాయి. మిగిలినవి తినడానికి పనికిరావు. రైతుకు కూలి ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ సెంటు భూమి లేని కూలీ స్త్రీ ఒకేసారి రెండు పోగొట్టుకుంటుంది: ఆ రోజు కూలి, డబ్బు పెట్టకుండా దొరికే ఆ పూట కూర.

గమనిక: కచ్చితంగా గుర్తుపట్టగలిగిన ఆకునే కోయండి. తెలియకపోతే ఊళ్ళోని పెద్దవారిని అడగండి.

అభ్యాసం

మీ ఊరి చేలలో విత్తకుండా మొలిచే ఐదు ఆకుకూరల పేర్లు, అవి దొరికే నెలలు, వండే విధానం రాయండి. వాటిలో ఇప్పుడు కనిపించనివి ఏవి? కారణాలు చర్చించండి.